‘తరలింపు’ అనవచ్చునా? సెమినోలుల చరిత్రలో ఒక మాట

అనువాదకురాలు: సభ్యులకు నమస్కారం. అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన సెమినోలులు అనే ఆదివాసీ జాతి చేసిన యుద్ధాల మీద పెద్ద తరగతి పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాను. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. ఆదివాసులను వారి నేల నుంచి పడమటికి పంపడానికి 1830 మే 28న అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సంతకం చేసిన ‘ఇండియన్ రిమూవల్ యాక్ట్’ను తెలుగులో ఏమనాలి? ‘తొలగింపు’ అంటే ఉద్యోగంలోంచి తీసేసినట్టుంది. ‘తరలింపు’ అని రాయడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్పలేకపోతున్నాను. సాయం చేయండి.

ఒక సభ్యుడు: ‘తరలింపు’ పత్రికల్లో స్థిరపడిన మాటేనండీ. వరద వచ్చినప్పుడు లోతట్టు ప్రాంతాల వారిని తరలిస్తారు, గాయపడిన వారిని ఆసుపత్రికి తరలిస్తారు. చదివిన వారందరికీ అర్థమవుతుంది. వాడేయండి.

తెలుగు మాస్టారు: మీరు చెప్పిన ఉదాహరణలే ఆ మాటతో వచ్చే చిక్కును చూపిస్తున్నాయి. వరద నుంచి, గాయం నుంచి కాపాడడానికి చేసేది తరలింపు. లేదా ధాన్యాన్ని, ఇసుకను తరలిస్తారు. అంటే మనం తరలించేది రక్షించాల్సిన మనిషినైనా కావాలి, నోరు లేని సరుకునైనా కావాలి. సెమినోలులు ఈ రెండూ కారు. ఇక ‘తరలు’ అనే మూలధాతువు సంగతి చూడండి. పెళ్లివారు తరలి వెళతారు, సభకు తరలి రమ్మని గోడల మీద రాస్తారు. ఆ మాటలో ఇష్టం ఉంది, ఒక పండుగ కళ కూడా ఉంది. అమ్మా, మీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

కానీ చట్టం పేరు విషయంలో మాత్రం నా సలహా వేరు. అక్కడ ‘తరలింపు చట్టం’ అనే రాయండి.

అనువాదకురాలు: ఇప్పుడేగా కాదన్నారు, మాస్టారూ?

తెలుగు మాస్టారు: కారణం చెబుతాను. ఆ చట్టం పాఠంలో ‘తమ భూములను మార్చుకోవడానికి ఎంచుకొని, అక్కడికి తరలిపోయే’ తెగలు అనే అర్థం వచ్చేలా రాశారు. ఇంగ్లీషులోని ‘రిమూవ్’ ఆ రోజుల్లో అకర్మకంగా కూడా నడిచేది, ‘మకాం మార్చు’ అనే అర్థంలో. కాబట్టి చట్టం మాటల్లో ఆ పని చేసేవారు ఆదివాసులే. వారే ఎంచుకుంటారు, వారే మిసిసిపీ నదికి పడమరగా వెళతారు. బలవంతం అన్న మాట ఎక్కడా కనిపించదు. మన ‘తరలు’లో ఉన్న మెత్తదనమే ఆ ‘రిమూవ్’లోనూ ఉంది. చట్టం అంత మెత్తగా మాట్లాడిందని పిల్లలకు తెలియాలి. అందుకే పేరులో ఆ మాటను ఉంచండి. కథనం మీది కదా, అందులో మాత్రం ‘వెళ్లగొట్టారు’ అని రాయండి. పేరుకూ పనికీ మధ్య ఎంత దూరముందో పాఠకుడికి అక్కడే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ‘తరలించారు’ అని మనం కర్త లేకుండా రాసేస్తాం, తెలుగు దానికి వీలిస్తుంది. ఈ పుస్తకంలో మాత్రం ప్రతి చోటా కర్తను పెట్టండి. ప్రభుత్వం వెళ్లగొట్టింది. సైన్యం ఓడల్లో ఎక్కించింది.

మరో సభ్యురాలు: ‘నిర్వాసితులు’ అనే మాట ఉంది కదా? పోలవరం ముంపు గ్రామాల గురించి రోజూ చదువుతున్నాం.

తెలుగు మాస్టారు: మంచి మాటే. వెళ్లిపోయిన తరవాత వారి స్థితిని చెప్పడానికి సరిపోతుంది. మూడు నుంచి నాలుగు వేల మంది సెమినోలులు నేటి ఓక్లహోమా ప్రాంతానికి చేరారు, వారు నిర్వాసితులే. ఈ పుస్తకంలో సగం కథ వెళ్లనివారిది. వారిని ఆ మాటతో పిలవలేం.

అనువాదకురాలు: మాస్టారూ, మీరు చెప్పిన మెత్తదనం నాకు ఇంకో చోట కూడా ఎదురైంది. ప్రభుత్వం సెమినోలులతో చేసుకున్న 1832 నాటి పేన్స్ ల్యాండింగ్ ఒప్పందం. ఏడుగురు సెమినోల్ పెద్దలు పడమటికి వెళ్లి కొత్త నేలను చూసి రావాలి. ‘వారికి ఆ ప్రదేశం నచ్చితే’ ఒప్పందం అమలవుతుంది. అనువదించి చూసుకుంటే ‘వారు’ ఎవరో నాకే తెలియలేదు. నా తప్పేమో అనుకున్నాను.

తెలుగు మాస్టారు: మీ తప్పు కాదు. ఇంగ్లీషు మూలంలోనూ ఆ సర్వనామం అలాగే ఉంది. యుద్ధానికి దారి తీసిన కారణాల్లో అదీ ఒకటి. ఏడుగురూ చూసి వచ్చి చెబితే జాతి మొత్తం కూర్చుని తేల్చుకోవాలని సెమినోలుల భావన. ఏడుగురికి నచ్చితే చాలునని ప్రభుత్వ వాదన. 1833 మార్చిలో ఆ ఏడుగురు పడమటనే, ఫోర్ట్ గిబ్సన్ అనే సైనిక కోటలో ఉండగా, నచ్చిందని సంతకాలు తీసుకున్నారు. తిరిగి వచ్చాక అది జాతి సమ్మతి కాదని పెద్దలు తిరగబడ్డారు. ఒక్క ‘వారు’ మీద ఇళ్లూ వాకిళ్లూ ఆధారపడిన సందర్భం భాషాభిమానులు ఊరికే దాటిపోవాల్సింది కాదు. మీరు మీ అనువాదంలో ఆ ‘వారు’ను తేల్చకండి, అలాగే వదిలేసి కింద ఒక వాక్యంలో వివరించండి. ఆ చర్చల్లో దుబాసీగా ఉన్నది అబ్రహాం. ఒకప్పుడు బానిసగా ఉన్న నల్లజాతి మనిషి, సెమినోలుల మధ్య పెద్దగా ఎదిగినవాడు. ఆయన పేరు తప్పక ఉంచండి.

అనువాదకురాలు: ఉంచాను. ఇక జాతి పేరు గురించి. ‘సెమినోల్’ అంటే ‘పారిపోయినవారు’ అని నా దగ్గరున్న నిఘంటువు చెబుతోంది. పిల్లలకు అలాగే చెప్పాలా?

తెలుగు మాస్టారు: మూలం స్పానిష్ మాట ‘సిమర్రోన్’. మంద విడిచి అడవి పట్టిన పశువును మొదట అలా అనేవారు, తరవాత యజమాని చేతుల్లోంచి తప్పించుకున్న బానిసనూ అన్నారు. క్రీక్ అనే ఆదివాసీ జాతి మాట్లాడే మస్కోగీ భాషలో ‘ర’ లేదు, అందుకని ‘ల’ వచ్చి ‘సిమలోని’ అయింది. ఆ తరవాత ల, న చోటు మార్చుకొని ‘సిమనోలి’ అయింది. మన వ్యాకరణంలో దీన్ని వర్ణవ్యత్యయం అంటాం. వారణాసి బనారస్ అయినప్పుడు ర, న మారినట్టే. బానిసత్వం తప్పించుకుని అడవుల్లో ఊళ్లు కట్టుకున్నవారికి ఇంగ్లీషులో ఉన్న ‘మరూన్’ అనే పేరు కూడా ఇదే వేరునుంచి వచ్చింది. ఫ్లోరిడాలో సెమినోలులూ మరూన్లూ పక్కపక్క ఊళ్లలో బతికారు, ఒకే యుద్ధంలో పోరాడారు. 1836 డిసెంబరులో అమెరికా సేనాని జనరల్ జెసప్ పై అధికారులకు రాస్తూ ఇది ఇండియన్ల యుద్ధం కాదు, నీగ్రోల యుద్ధం అన్నాడు.

‘పారిపోయినవారు’ అన్నది యజమాని చూపు. నాకైతే ‘పలుపు తెంచుకున్నవారు’ అని రాయాలనిపిస్తుంది.

మరో సభ్యురాలు: క్షమించండి మాస్టారూ, ఇది నేను ఒప్పుకోలేను. పలుపు పశువుకు వేసేది. పొగిడినా మనిషిని కొట్టంలో కట్టేసినట్టే ఉంది. వారు ఎవరి కట్టుకొయ్యకూ చెందినవారు కారు కదా. 1700ల నుంచి క్రీక్ ఊళ్లు విడిచి దక్షిణానికి వచ్చి, సొంతంగా పొలాలూ పశువులూ పెంచుకున్నవారు.

తెలుగు మాస్టారు: నిజమే. నాకు ఆ మాట మీద మోజు పుట్టి అటు చూడలేదు. వెనక్కి తీసుకుంటున్నాను. పేరును పేరుగానే ఉంచి, మాట ఎక్కడ పుట్టిందో చెప్పండి, అనువదించకండి. మన ‘పితూరీ’ గుర్తొచ్చింది. 1879 రంప తిరుగుబాటుకు పితూరీ అని పేరు పెట్టింది పాలకుల కాగితాలు. ఇవాళ ‘పితూరీలు చెప్పడం’ అంటే పైవాడికి ఫిర్యాదు మోయడం, కానీ రంప గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట తల ఎత్తుకునే నిలబడుతుంది. పేర్లు ఎవరు పెట్టారన్నదానికంటే ఎవరు మోశారన్నది బలమైనది. సెమినోలులు ఆ పేరును తమదిగా చేసుకున్నారు.

అనువాదకురాలు: సెమినోలుల నాయకుడు ఒసియోలా అధ్యాయంలో ‘అరెస్టు చేశారు’ అని రాశాను. సరిపోతుందా?

తెలుగు మాస్టారు: 1837 అక్టోబరులో సంధి మాటల కోసం తెల్లజెండా ఎత్తిన చోట జెసప్ ఆదేశంతో ఆయనను పట్టుకున్నారు. మూడు నెలల తరవాత, 1838 జనవరి 30న దక్షిణ కరోలినాలోని ఫోర్ట్ మౌల్ట్రీలో బందీగా మరణించాడు. ‘అరెస్టు’ అంటే చట్టం కళ్లకు నేరస్థుడన్నమాట. ‘తెల్లజెండా నీడలో పట్టుకున్నారు’ అనండి. జరిగిన పని పూర్తిగా అందులో ఉంది.

అనువాదకురాలు: చివరి అధ్యాయానికి శీర్షిక మిగిలింది. ఫ్లోరిడా సెమినోలులు తమను ‘అన్‌కాంకర్డ్’ అని చెప్పుకుంటారు. ‘అజేయులు’ అని పెట్టాను.

తెలుగు మాస్టారు: ‘అజేయులు’ అంటే ఎవరూ గెలవలేనివారు. పద్యంలో బాగుంటుంది. ఇక్కడ జరిగింది అది కాదు. 1835 డిసెంబరు 28న నూరు మందికి పైగా ఉన్న అమెరికా సైన్యపు మేజర్ డేడ్ దళం దారిలోనే తుడిచిపెట్టుకుపోయిన మాట నిజం. కానీ 1842 ఆగస్టులో అమెరికా సైన్యాధికారి కర్నల్ వర్త్ రెండో సెమినోల్ యుద్ధం ముగిసిందని ప్రకటించేనాటికి ఫ్లోరిడాలో మిగిలింది కొన్ని వందల మంది. మూడో యుద్ధం చివర, 1858లో నాయకుడు బిల్లీ బోలెగ్స్ కూడా తన వారితో పడమటికి వెళ్లక తప్పలేదు. మరో నాయకుడు అబియాకా వెంట మిగిలినవారు దక్షిణ ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల నీటి గడ్డిలోకి ఇంకా లోతుగా వెళ్లి, తాటాకు పోలిన ఆకులతో కప్పు వేసి, గోడల్లేని ‘చిక్కీ’లు కట్టుకొని బతికారు. వారి బిడ్డల బిడ్డలను 1957లో ప్రభుత్వం ఒక జాతిగా గుర్తించింది. ఓడించారా అంటే చాలా చోట్ల ఓడించారు. లొంగారా అంటే లేదు.

‘లొంగనివారు’ అని పెట్టండి.

అనువాదకురాలు: మార్చాను. మొదటి అధ్యాయంలోని వాక్యం కూడా ఇలా అయింది: “‘తరలింపు చట్టం’ అని పేరు పెట్టి, అమెరికా ప్రభుత్వం సెమినోలులను వారి నేల మీద నుంచి వెళ్లగొట్టింది, కొందరు వెళ్లలేదు.”

తెలుగు మాస్టారు: ‘కొందరు వెళ్లలేదు’ కాదు. ‘కొన్ని వందల మంది వెళ్లలేదు’ అని లెక్క చెప్పండి, అమ్మా.