పెద్దల విశ్రాంతి, శ్రవణ కార్యక్రమం: వాలంటీర్ల ఏర్పాట్ల చర్చ

కార్యక్రమ సమన్వయం:

అందరికీ నమస్కారం. మన సంఘంలోని పెద్దల కోసం తలపెట్టిన మధ్యాహ్న కార్యక్రమంపై మీరు పంపిన సూచనలన్నీ చదివాను. చర్చ కాస్తా వేదిక, గాయకులు, పెద్ద స్పీకర్ల వైపు చాలా దూరం వెళ్ళింది. అటువంటి సభలకు పెద్దలను మనం పిలుస్తూనే ఉన్నాం. పరాయి దేశంలో పిల్లల దగ్గర ఉంటున్నవారికి భారంగా తోచేది ఇంట్లో అందరూ ఉద్యోగాలకూ బడులకూ వెళ్ళిపోయాక సాయంత్రం దాకా ఒంటరిగా గడపవలసిన సమయం. అందువల్ల ఆ రోజు వచ్చిన ప్రతి ఒక్కరూ తిరిగి వెళ్ళేసరికి ఎవరి సాయమూ లేకుండా తమకు నచ్చిన రికార్డింగును తామే పెట్టుకుని వినగలగాలి, కుర్చీలో కూర్చుని చేసుకోదగిన ఒక విశ్రాంతి పద్ధతి నేర్చుకుని ఉండాలి. ఈ రెంటికీ ఉపయోగపడని అంశానికి చోటివ్వవద్దని నా ప్రతిపాదన.

ధ్వని ఏర్పాట్లు:

సమన్వయకర్త గారి ప్రతిపాదనతో నేను ఏకీభవిస్తున్నాను. హాలు వద్దు, పదిమంది పట్టే గదులు రెండు మూడు చాలు, వాటిలో తివాచీ, తెరలు ఉంటే మరీ మంచిది, ఎందుకంటే బోసి గోడలున్న గదిలో మాట ప్రతిధ్వనించి ముద్దగా వినిపిస్తుంది.

వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు తగ్గేది హెచ్చు శ్రుతిలో ఉండే సన్నని ధ్వనులను పట్టుకునే శక్తి. స, ష, ఫ వంటి అక్షరాలు సరిగా అందవు కాబట్టి, ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది కానీ ఏమన్నారో తెలియదు. దీనికి శబ్దం పెంచడమే మందని మనం అనుకుంటాం. అయితే ఇటువంటి చెవికి వినపడనంత తక్కువకూ భరించలేనంత ఎక్కువకూ మధ్య ఉండే ఎడం కూడా తగ్గిపోయి ఉండవచ్చు. గట్టిగా పెట్టగానే ‘అబ్బా, తగ్గించండి’ అనేవారే అంతకుముందు వినపడలేదని చెప్పి ఉంటారు. అందుకే చిన్న స్పీకరును గది మూలలో కాక మనిషికి ఎదురుగా చేయి చాచినంత దూరంలో పెట్టాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో అంత తగ్గకపోయినా దగ్గరి స్పీకరు వల్ల మాట స్పష్టత పెరుగుతుంది. ఎక్కువసేపు వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన సురక్షిత పరిమితి వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ అన్నది కూడా గుర్తుంచుకుందాం.

వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లు ఇవ్వవద్దు. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లలో కొన్ని యంత్రం చేత కీచుమని శబ్దం చేయిస్తాయి. కొన్ని యంత్రాలు బ్లూటూత్ ద్వారా నేరుగా ఫోనుకు కలుస్తాయి కనుక, రిజిస్ట్రేషన్ సమయంలోనే ఆ వివరం అడిగి ఉంచుకుందాం.

రికార్డింగులు:

మన వాలంటీర్లే కథలు చదివి రికార్డు చేస్తే వెనుక సంగీతం పెట్టవద్దని నా గట్టి మనవి. వీణ, వేణువు నేపథ్యం మనకు హాయిగా ఉండవచ్చు, కానీ పైన చెప్పిన చెవికి అది మాటను మింగేసే పొగమంచు. ఒక్కో భాగం ఇరవై నిమిషాలకు మించకుండా, మొదట కథ పేరూ నిడివీ చెప్పి, పేరా చివర కాస్త ఆగుతూ, మామూలు వేగం కంటే కొంచెం నెమ్మదిగా చదవాలి. సాగదీసి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చదవడం పెద్దలను నొప్పిస్తుంది.

పెద్దలనగానే భక్తి గీతాలే అని మనమే నిర్ణయించేయడం కూడా నాకు నచ్చదు. అపరాధ పరిశోధన కథలు, హాస్య నాటికలు, ప్రయాణ వర్ణనలు కోరేవారుంటారు, వారినే అడుగుదాం.

హక్కుల సంగతి మరచిపోకూడదు. భారతదేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళు, చాలా ఇతర దేశాల్లో 70 ఏళ్ళు రచనపై హక్కు నిలుస్తుంది. మనం ఉంటున్న దేశపు నిబంధన చూసుకుని, హక్కులు ముగిసినవో రచయిత అనుమతి ఉన్నవో మాత్రమే తీసుకోవాలి. 2005 నుంచి నడుస్తున్న ఉచిత ఆడియో పుస్తకాల వెబ్‌సైటు లిబ్రివాక్స్ పద్ధతి ఇదే: స్వచ్ఛందంగా చదివేవారు హక్కులు ముగిసిన పుస్తకాలనే రికార్డు చేస్తారు.

విశ్రాంతి అభ్యాసం:

కండరాలను బిగించి వదిలే పద్ధతిని నేర్పుదామనుకుంటున్నాను. దీనిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రూపొందించారు. ఒక్కో కండరాన్ని ఐదు నుంచి ఏడు సెకన్ల పాటు మెల్లగా బిగించి, ఆ తరువాత ఇరవై ముప్పై సెకన్ల పాటు వదిలేసి, రెండింటికీ ఉన్న తేడాను గమనించడమే ఇందులోని కిటుకు. పెద్దలకు కొన్ని మార్పులు అవసరం. నేల మీద పడుకోబెట్టకుండా చేతులున్న కుర్చీలో పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టాలి. మెడను ఈ అభ్యాసంలో చేర్చవద్దు. కీళ్ళ నొప్పులున్న చోట బిగించకుండా వదులు చేయడం మాత్రమే చేయించాలి. పిక్కలను గట్టిగా బిగిస్తే కండరం పట్టేయవచ్చు. శ్వాస బిగబట్టడం వద్దే వద్దు. విడిచే శ్వాసను కొంచెం పొడిగించమంటే సరిపోతుంది. కళ్ళు మూసుకోవడం ఇష్టమైతేనే. ముగిశాక ఒకటి రెండు నిమిషాలు అలాగే కూర్చోబెట్టాలి, ఎందుకంటే ఉన్నట్టుండి లేస్తే కొందరికి రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. చికిత్స పొందుతున్నవారు తమ వైద్యుణ్ణి అడిగి రావాలని ఆహ్వానంలోనే రాద్దాం.

పరికరాల సాయం:

ఎవరి ఫోను వారే తేవాలి. మన ఫోనులో నేర్పితే ఇంటికి వెళ్ళాక ఉపయోగం ఉండదు. రికార్డింగులను ముందే దించి పెట్టి, మొదటి తెరపై ఒకే పెద్ద గుర్తుగా ఉంచుదాం. ఒకటి అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలయ్యే సౌకర్యాన్ని తీసేయాలి, లేకపోతే కథ వింటూ కునుకు తీసినవారిని ఏదో ప్రకటన పెద్ద శబ్దంతో లేపుతుంది. ముప్పై నిమిషాల తరువాత ఆగిపోయే టైమరు పెట్టడం కూడా నేర్పుదాం. తెర తాకడం ఇబ్బందిగా ఉన్నవారికి బొత్తాలున్న చిన్న ప్లేయరు మేలు. మొదలుపెట్టే బొత్తానికి రంగు స్టిక్కరు అంటిద్దాం.

కార్యక్రమ సమన్వయం:

అలాగే చేద్దాం. మొదట వినడం, ఆపైన విన్నదానిపై కబుర్లు, తరువాత విశ్రాంతి అభ్యాసం, చివరగా ఫోన్ల పని. చివరి భాగానికే ఎక్కువ సమయం, ఇద్దరు పెద్దలకు ఒక వాలంటీరు చొప్పున కావాలి. కారు నడపని పెద్దలను తీసుకువచ్చి దించేవారు తమ కారులో ఎందరికి చోటుందో, చక్రాల కుర్చీ పడుతుందో లేదో ఇక్కడే రాయవలసిందిగా కోరుతున్నాను.