క్లయింట్ మీటింగులకు నేత చీరలో వెళ్లొచ్చా? మీ అనుభవాలు చెప్పండి

పేట_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది నారాయణపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఒక ఆడిట్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఇప్పటిదాకా ఆఫీసులో కూర్చుని చేసే పనే. ఈ మధ్య క్లయింట్ల దగ్గరికి వెళ్లే టీమ్‌లో వేశారు. కాలేజీ రోజుల నుంచి నేను రోజూ కట్టేది నేత చీరలే, అందులోనే నాకు హాయి. మా మేనేజర్ మాత్రం "క్లయింట్ ముందుకు ఫార్మల్స్‌లో వస్తే బాగుంటుంది" అన్నారు. కంపెనీ రూల్స్‌లో చీర కూడా ఫార్మలే అని రాసి ఉంది. అయినా అప్పటి నుంచి పొద్దున్నే బీరువా తలుపు తీస్తే టెన్షన్. మనకంటూ ఒక తీరు ఉండటం వల్ల ఉద్యోగంలో లాభమో నష్టమో నిజంగా ఉంటుందా? మీకు జరిగింది చెప్పండి.

గుంటూరు_లెక్చరర్:
అమ్మాయీ, నేను డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్తాను. సర్వీసంతా మంగళగిరి చీరలతోనే గడిచింది. ఒంటి మీద బుటాలుండవు, సన్నటి జరీ అంచు మాత్రమే. పిల్లల చూపు బోర్డు మీదే ఉంటుంది. గంజి మాత్రం పలచగా పెట్టు. చిక్కగా పెడితే కూర్చుని లేచేసరికి వెనక మడతలన్నీ విరిగినట్టు కనిపిస్తాయి. చీర కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేయిస్తే సాయంత్రం దాకా నిలబడుతుంది. కుచ్చిళ్లకు ఒక పిన్ను, భుజం మీద ఒక పిన్ను పెట్టుకుంటే ఫైళ్లు పట్టుకున్నా కొంగు అడ్డం రాదు.

కాస్ట్ అకౌంటింగ్ చెప్పేటప్పుడు ఆ రోజు కట్టుకున్న చీరనే లెక్కకు తీసుకుంటాను. నూలు ఎంత, రంగు ఎంత, నేత కూలి ఎంత, నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్‌కి మిగిలేది ఎంత? చేనేత కుటుంబాల పిల్లలు క్లాసులో ఎప్పుడూ ఉంటారు. ఆ రోజు లెక్క చెప్పేది వాళ్లే. కట్టుబట్ట నా పాఠానికి ఇంతగా పనికొస్తుంటే వేరే బట్టలు నాకెందుకు?

హెచ్ఆర్_గళం:
లెక్చరర్ మేడమ్ చెప్పింది బాగుంది కానీ కార్పొరేట్‌లో లెక్క వేరేగా ఉంటుంది. ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా. అబ్బాయి చొక్కా నలిగితే "పాపం, పని ఎక్కువైనట్టుంది" అంటారు. అమ్మాయి చీర నలిగితే "పద్ధతి లేదు" అంటారు. ఇది అన్యాయం. కానీ ఇది ఉందని తెలిసి అడుగు వేయాలి.

రూల్స్ మారడం కూడా చూశాం. ఇన్ఫోసిస్ లాంటి కంపెనీయే 2015లో వారమంతా క్యాజువల్స్ వేసుకోవచ్చంది. పెప్సికో మాజీ సీఈఓ ఇంద్రా నూయి అమెరికాలో యేల్ యూనివర్సిటీలో చదివే రోజుల్లో సరిగ్గా కుదరని సూట్ వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లి ఇబ్బంది పడ్డారట. ఇండియాలో అయితే ఏం వేసుకుంటావో అదే వేసుకుని వెళ్లమని కాలేజీలో సలహా ఇచ్చారు. తర్వాతి ఇంటర్వ్యూకి చీరలో వెళ్లి ఉద్యోగం తెచ్చుకున్నానని ఆమే చాలాసార్లు చెప్పారు. మీరు మేనేజర్‌ని నేరుగా అడగండి: "క్లయింట్ ఏమైనా అన్నారా, లేక ఇది మీ అభిప్రాయమా?" ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

గోదారి_వకీలు:
మాకు ఎంచుకునే వీలే లేదు. నల్ల కోటు, మెడకు తెల్ల బ్యాండ్లు. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప ఎండాకాలం కోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, మే నెలలో రాజమండ్రి ఎండకి అదొక్కటే ఊరట. అందరం ఒకేలా ఉంటాం కాబట్టి జడ్జిగారికి గుర్తుండేది మేము నిలబడే పద్ధతి, కాగితాలు అందించే పద్ధతి. మా సీనియర్ గారు ఏ పేజీ అడిగినా వెంటనే తీసి ఇచ్చేవారు, ఫైల్లో రంగు చీటీలు అలా అంటించి ఉండేవి. ఆయన ముద్ర అదే.

ఇంకో సంగతి. 2014లో చెన్నైలో ఒక క్లబ్బు పంచె కట్టుకొచ్చారని హైకోర్టు న్యాయమూర్తినే లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం అలా ఆపకూడదని చట్టం తెచ్చింది. మన కట్టు మీద చిన్నచూపు ఉంటే దాన్ని ఎదిరించి మాట్లాడటంలో తప్పేం లేదమ్మా.

లీడ్స్_డాక్టరమ్మ:
ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో మోచేతుల కింద ఏమీ ఉండకూడదు. ఇన్ఫెక్షన్ల భయంతో 2007లో ఈ నియమం ప్రకటించారు. పొడుగు చేతులు, వాచీ, గాజులు అన్నీ తీసేయాలి, మామూలు పెళ్లి ఉంగరం ఒక్కటి ఉంచుకోవచ్చు. గాజులు తీసేటప్పుడు మొదట్లో నాకు మనసు చివుక్కుమంది. కారణం రోగి క్షేమం కాబట్టి ఇప్పుడు ఆ బాధ లేదు.

ఇక్కడ కేట్ గ్రేంజర్ అనే డాక్టర్ తానే క్యాన్సర్ రోగిగా మంచం మీద ఉన్నప్పుడు, చూడ్డానికి వచ్చినవాళ్లు చాలామంది పేరు కూడా చెప్పడం లేదని గమనించి 2013లో "హలో, మై నేమ్ ఈజ్" అనే ఉద్యమం మొదలుపెట్టారు. అప్పటి నుంచి నేనూ మంచం పక్కన కూర్చుని, నా పేరు నిదానంగా చెప్పి, వాళ్లను ఏమని పిలవమంటారో అడిగాకే చెయ్యి పట్టుకుంటాను. రోగులు నన్ను గుర్తుపట్టేది దానితోనే.

పటాన్‌చెరు_షిఫ్ట్:
చెల్లెమ్మా, నీ క్లయింట్లలో ఫ్యాక్టరీలు ఉన్నాయా? స్టాక్ లెక్క చూడటానికి ప్లాంట్‌లోకి, గోడౌన్‌లోకి రావాల్సి వస్తుంది కదా. తిరిగే మెషీన్ దగ్గర కొంగు, చున్నీ, విరబోసిన జుట్టు ప్రాణం మీదికి తెస్తాయి. మా గేటు దగ్గర ఇలాంటివాటి మీద ఎవరి మాటా చెల్లదు. ర్యాకుల నిచ్చెన ఎక్కాలన్నా చీర పనికిరాదు. ఆ రోజు ప్యాంటు, కాళ్లు మూసే బూట్లు తప్పవు.

మెడికల్_రెప్_బెజవాడ:
టై కట్టుకుని మండుటెండలో బండి మీద తిరిగేవాళ్ల గురించి కూడా ఎవరైనా రాయండి అన్నా! నేను బ్యాగులో ఇంకో చొక్కా పెట్టుకుంటాను, డాక్టర్ గారి గదిలోకి వెళ్లేముందు మార్చుకుంటాను.

ఓరుగల్లు_టైలర్:
తమ్ముడూ, సింథటిక్ కలిసిన బట్ట మానేయ్, సగం బాధ తగ్గుద్ది. రెడీమేడ్ కొనేటప్పుడు అందరూ మొదట నడుము చూస్తారు. భుజం చూడాలి. కుట్టు సరిగ్గా భుజం ఎముక చివరన ఉండాలి. అది కిందికి జారితే ఎంత ఖరీదైన చొక్కా అయినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటది. నడుము, పొడుగు నేను సరిచేసి ఇస్తాను కానీ భుజం విప్పి కుట్టడం పెద్ద పని. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు నేను చెప్పేది ఒకటే, తక్కువ జతలు కొనండి, కొలతకు కుట్టించుకోండి.

పేట_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. మేనేజర్‌ని అడిగాను. క్లయింట్ ఎవరూ ఏమీ అనలేదట, ఆయనకే అలా అనిపించిందట. రూల్స్ చూపిస్తే "సరే, నీ ఇష్టం" అన్నారు. మీటింగులకు చీరే కడతాను. పటాన్‌చెరు అన్న చెప్పింది నిజం, నాకు రెండు ఫార్మా ప్లాంట్లు ఉన్నాయి. ఆ రోజులకు నారాయణపేట గళ్ల బట్టతోనే కుర్తా కుట్టించుకోవాలని ఉంది. టైలర్ అన్నా, ఎలా కుట్టించమంటారు?

ఓరుగల్లు_టైలర్:
ముందు బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టు చెల్లె, నేత బట్ట మొదటి ఉతుకుకి కుంచించుకుపోతది. పొడుగు మోకాలి పైకే ఉండనీ, పక్క చీలికలు నిచ్చెన ఎక్కేంత ఉండాలె. చేతులు మోచేతి దాకా చాలు, వదులుగా వద్దు. రెండు పక్కలా లోతు జేబులు పెట్టించుకో, పెన్నూ ఫోనూ పట్టాలె. అంచును కింద వేయించకు, ప్లాంట్‌లో మాసిపోతది. మెడ చుట్టూ వేయించుకో.