రెడింగ్‌లో ఇయర్ వన్ సీటు: 31వ పిల్లగా తీసుకోరా?

రెడింగ్, కొత్తగా వచ్చాం
అందరికీ నమస్కారం అండి. నవంబర్ మొదటి వారంలో హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ వచ్చాం. పాపకు జూలైలో అయిదు నిండాయి, ఇయర్ వన్ అన్నారు. ఇంటికి అయిదు నిమిషాల నడకలో బడి ఉంది. వెళ్ళి అడిగితే 30 మంది నిండిపోయారు, వెయిటింగ్ లిస్టులో పెడతామన్నారు. ఒక్క పిల్ల ఎక్కువైతే ఏమవుతుందండీ? హెడ్ టీచర్‌ని బతిమాలితే ఒప్పుకుంటారా? కౌన్సిల్ వాళ్ళు మైలున్నర దూరంలో వేరే బడి ఇస్తామంటున్నారు. సరే అంటే దగ్గర బడి చేజారిపోతుందేమోనని భయం.

స్లౌ
చెల్లెమ్మా, బడి సంగతి తర్వాత. ముందు ఇంటి అగ్రిమెంట్ మీ పేరున చేతిలో ఉందా? మేం 2016 అక్టోబర్‌లో వచ్చాం. ఓనరు తాళాలిచ్చాడు, అద్దె తీసుకున్నాడు, కాగితం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ మూడు వారాలు తిప్పాడు. కౌన్సిల్ టాక్స్ కూడా అతని పేరునే ఉంది. మా అబ్బాయికి సీటు ఉందని బడివాళ్ళు ఫోన్ చేశారు, అడ్రస్ రుజువు తెమ్మన్నారు. బ్యాంకు ఉత్తరం తీసుకెళ్తే చెల్లదన్నారు. కాగితం చేతికొచ్చేసరికి ఆ సీటు ఇంకొకరికి వెళ్ళిపోయింది. యూనిఫాం ముందే కొనేశాం. స్వెటర్ ధర చీటీతో సహా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుండేది. మూడుంబావు అయ్యేసరికి వాడు కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, బడి విడిచిన పిల్లలు వెళ్తుంటే చూసేవాడు. ఆరు వారాలు అలా గడిచాయి. తల్లిగా నాకు అదే ఎక్కువ బాధ. అగ్రిమెంట్ రాకుండా అద్దె కట్టొద్దు.

మిల్టన్ కీన్స్
30కి మించకూడదని గట్టి రూలేమీ లేదండి. టీచింగ్ అసిస్టెంట్ ఉంటే 31, 32 తీసుకుంటారు. మా అబ్బాయి క్లాసులోనే 32 మంది. గట్టిగా అడగండి.

హౌన్‌స్లో, పేరెంట్ గవర్నర్
నేను ఒక బడి పాలకవర్గంలో తల్లిదండ్రుల తరఫున ఉన్నాను. మీ అబ్బాయి ఏ ఇయర్ అండి? రిసెప్షన్ (ఇయర్ వన్‌కి ముందు క్లాసు), ఇయర్ వన్, ఇయర్ టూ, ఇన్‌ఫెంట్ క్లాసులనే ఈ మూడింటికీ చట్టమే ఉంది. 1998 చట్టం, 2001 సెప్టెంబర్ నుంచి పూర్తిగా అమలు. ఒక టీచరుకు 30 మంది. అసిస్టెంట్లు ఇద్దరున్నా లెక్కలోకి రారు. 31వ పిల్ల వస్తే ఇంకో టీచరును పెట్టాలి. బడికి డబ్బు పిల్లల తలలెక్కన వస్తుంది, ఆ లెక్క అక్టోబర్‌లో తీస్తారు. నవంబర్‌లో చేరిన పాప డబ్బు ఆ ఏడాది లెక్కలో ఉండదు. అందుకే హెడ్ టీచరు మనసు ఎంత మంచిదైనా చేయగలిగింది తక్కువ.

మిల్టన్ కీన్స్
ఇప్పుడు ఇయర్ ఫోర్. కానీ ఇయర్ టూలో ఉన్నప్పుడు కూడా 31 మందే. క్లాసు ఫొటోలో నేనే లెక్కపెట్టాను.

హౌన్‌స్లో, పేరెంట్ గవర్నర్
కవలలు ఉన్నారేమో చూడండి. ఒకరికి 30వ సీటు వస్తే రెండోవారిని మినహాయింపు కింద తీసుకోవచ్చు. అప్పీలులో గెలిచిన పిల్లలకూ, సంరక్షణ వ్యవస్థలో పెరిగే పిల్లలకూ, సైన్యంలో పనిచేసేవారి పిల్లలకూ అలాగే.

మిల్టన్ కీన్స్
అవునండీ, కవలలున్నారు. ఆ అమ్మాయిలిద్దరూ మా ఇంటికి వచ్చేవాళ్ళు కూడా. నేను చెప్పింది తప్పే.

హౌన్‌స్లో, పేరెంట్ గవర్నర్
రెడింగ్ అమ్మగారూ, మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఏడాది మధ్యలో వచ్చిన పిల్లకు సహేతుకమైన దూరంలో వేరే బడే లేకపోతే 31వ పిల్లగా తీసుకునే మినహాయింపు ఉంది. కానీ మీకు మైలున్నరలో సీటు ఇస్తున్నారు, కాబట్టి అది వర్తించదు. ఆ సీటు తీసుకోండి. తీసుకున్నా దగ్గర బడి వెయిటింగ్ లిస్టులో ఉండొచ్చు. ఆ లిస్టు ముందొచ్చినవారికి ముందు అన్నట్టు ఉండదు. అక్కో, తమ్ముడో అదే బడిలో ఉన్నవాళ్ళు తర్వాత వచ్చినా మీ పైకి వెళ్తారు. నంబరు వెనక్కి జరిగితే ఎవరో సిఫారసు చేయించారనుకోకండి. అప్పీలు వేసే హక్కుంది, అయితే ఇన్‌ఫెంట్ క్లాసు అప్పీళ్ళు గెలవడం చాలా కష్టం.

గ్లాస్గో
స్కాట్లాండ్‌ల లెక్కే వేరు అన్నా. పీ1ల, అంటే ప్రైమరీ వన్‌ల 25, పీ2, పీ3ల 30, పీ4 నుంచి పీ7 దాక 33. రెండు ఇయర్లు కలిపిన క్లాసైతే 25. ఇంగ్లండ్‌ల ఇయర్ త్రీ నుంచి చట్టమే లేకపాయె. చిన్నపిల్లలే పిల్లలా?

హౌన్‌స్లో, పేరెంట్ గవర్నర్
ఆ మాట నిజమే తమ్ముడూ. ఇయర్ త్రీ నుంచి చట్టం అడ్డం లేదు, బడ్జెట్ బిగిసిన చోట 32, 33 చేస్తారు. నేను మీటింగుల్లో అడుగుతూనే ఉన్నాను.

లెస్టర్, మాది ఒంగోలు
మా అమ్మ ఎస్‌జీటీగా చేసి రిటైరైంది. 2009 విద్యాహక్కు చట్టంలోనూ ప్రైమరీకి 30కి ఒకరే, 60 మంది దాకా ఇద్దరు టీచర్లు. కానీ అది బడి మొత్తం మీద లెక్క. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. అమ్మ బోర్డు మధ్యలో సుద్దతో గీత గీసి ఒక పక్క ఒకటో తరగతికి అక్షరాలు, ఇంకో పక్క మూడో తరగతికి ఎక్కాలు రాసేది. ఇక్కడి చట్టం ఒక్కో క్లాసుకూ విడిగా లెక్క కడుతుంది. నాకు దాని విలువ అమ్మను చూశాకే తెలిసింది. రెడింగ్ వదినా, ఆ 30 పాపకు అడ్డు అనుకోకండి, రేపు పాప క్లాసుకూ అదే కాపలా.

రెడింగ్, కొత్తగా వచ్చాం
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. అగ్రిమెంట్ మా ఆయన పేరున ఉంది. మైలున్నర బడి ఒప్పుకున్నాం, నిన్న చూసొచ్చాం. పాపతో కలిపి 27 మంది. దగ్గర బడి లిస్టులో నాలుగో నంబరు. సోమవారం నుంచి వెళ్తుంది, మధ్యాహ్నం భోజనం కూడా ఉచితమే అన్నారు. కార్డిగన్‌లన్నీ ఒకేలా ఉన్నాయి, పేరు ఎలా వేస్తారు?

స్లౌ
మెడ వెనక చీటీ మీద లాండ్రీ పెన్నుతో రాయండి చెల్లెమ్మా. ఇంటిపేరు కూడా రాయండి.