లినక్స్‌లో ఒకే అప్లికేషన్‌ని రెండుగా, దేనికది విడిగా నడపడం ఎలా?

లెక్కలపని_తెనాలి:
ఉబుంటు 22.04 వాడుతున్నాను. పదిమంది క్లయింట్ల రిటర్నులు నేనే వేస్తాను. ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో విండో తెరిచి రెండో క్లయింట్ లాగిన్ ఇస్తే మొదటివాళ్ల సెషన్ ఎగిరిపోతోంది. ఒకరి లెక్క ఇంకొకరి ఖాతాలో పడుతుందేమోనని ఒకటే టెన్షన్. ఏం చేయాలండి?

పెంగ్విన్_పిల్ల:
కొత్త విండో తెరిచినా ప్రొఫైల్ (బ్రౌజర్ మీ డేటా అంతా దాచుకునే ఫోల్డర్) అదేనండి, కుకీలు (లాగిన్‌ని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) ఉమ్మడి. అడ్రస్ బార్‌లో ‘అబౌట్:ప్రొఫైల్స్’ కొట్టి కొత్త ప్రొఫైల్ చేసుకోండి, దాని కింద ఉన్న బటన్‌తో వేరే బ్రౌజర్‌గా తెరవండి. కుకీలు, పాస్‌వర్డులు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ వేరవుతాయి. టెర్మినల్లో అయితే ‘ఫైర్‌ఫాక్స్ -పి’ పక్కన ప్రొఫైల్ పేరు ఇస్తే చాలు.

రాత్రి_షిఫ్ట్:
లాగిన్లు కలవకపోతే చాలనుకుంటే మల్టీ-అకౌంట్ కంటైనర్స్ ఎక్స్‌టెన్షన్ తేలిక. ఒకే విండోలో ట్యాబ్‌కో ఖాతా. కాకపోతే సేవ్ చేసిన పాస్‌వర్డులు మాత్రం అన్నిటికీ ఒక్కటే. పరాయివాళ్ల డబ్బు లెక్కలు కాబట్టి నా ఓటు ప్రొఫైల్‌కే.

కోడ్_కరీంనగర్:
క్రోమ్‌కీ, వీఎస్ కోడ్‌కీ ‘--యూజర్-డేటా-డిర్’ ఇచ్చి వేరే ఫోల్డర్ చూపిస్తే సరి. టెలిగ్రామ్‌కి ‘-మెనీ’, ‘-వర్క్‌డిర్’. ఒక్క జాగ్రత్త: 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (మిగతా సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే ఉబుంటు ప్యాకేజీ) వస్తుంది. మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను స్నాప్ ముట్టుకోలేదు. ప్రొఫైల్‌ని అక్కడ పెడితే తెరుచుకోదు, మామూలు ఫోల్డర్‌లో పెట్టండి.

డీటీపీ_అక్క:
లిబ్రేఆఫీస్‌దీ ఇదే గొడవ. ఎన్ని ఫైళ్లు తెరిచినా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఒక్కటే. పెద్ద మెయిల్ మర్జ్ నడుస్తుంటే పక్క ఫైల్ కూడా బిగుసుకుపోతుంది. ‘-ఎన్వ్:యూజర్‌ఇన్‌స్టలేషన్=ఫైల్:///హోమ్/...’ అని వేరే ఫోల్డర్ ఇచ్చి తెరిస్తే రెండోది స్వతంత్రంగా నడుస్తుంది. ఫైల్ తర్వాత మూడు గీతలూ ఉండాలి. టూల్‌బార్ సెట్టింగులు అక్కడ మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి.

లెక్కలపని_తెనాలి:
ప్రొఫైల్ అద్భుతంగా పనిచేస్తోంది! కరెంటు పోయి వచ్చాక మాత్రం ‘ఇప్పటికే నడుస్తోంది’ అని మొరాయించింది.

పెంగ్విన్_పిల్ల:
ప్రొఫైల్ ఫోల్డర్‌లో ‘లాక్’ అనే సిమ్‌లింక్ (ఇంకోచోటికి చూపించే షార్ట్‌కట్ లాంటి ఫైల్) ఉంటుంది. ‘ఎల్ఎస్ -ఎల్’ కొడితే 127.0.1.1:+4821 లాంటిది కనిపిస్తుంది. ప్లస్ తర్వాతది ప్రాసెస్ నంబర్. ఆ నంబర్‌తో ఫైర్‌ఫాక్స్ నిజంగా నడవడం లేదని ‘పీఎస్’ (నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే కమాండ్) తో చూసుకున్నాకే లింక్ తీసేయండి. నడుస్తుండగా తీసేసి ఇంకోటి తెరిస్తే రెండూ ఒకే డేటాలో రాసి పాడుచేస్తాయి. ఆ తొందర వద్దు.

లెక్కలపని_తెనాలి:
చాలా థాంక్సండి. రెండు విండోలూ డాక్‌లో ఒకే ఐకాన్ కింద చేరుతున్నాయి, దానికేమైనా ఉందా?

కోడ్_కరీంనగర్:
ఉంది. లాంచర్ ‘.డెస్క్‌టాప్’ ఫైల్‌ని మీ హోమ్‌లోని ‘.లోకల్/షేర్/అప్లికేషన్స్’లోకి కొత్త పేరుతో కాపీ చేయండి. ‘ఎగ్జెక్’ వరుసలో ప్రొఫైల్ పేరుతోపాటు, మీ తెరపై విండోలు చూపే వ్యవస్థ ఎక్స్11 అయితే ‘--క్లాస్’, వేలాండ్ అయితే ‘--నేమ్’ పక్కన ఒక కొత్త పేరు ఇవ్వండి. అదే పేరు ‘స్టార్టప్‌డబ్ల్యూఎంక్లాస్’లోనూ రాయండి. వేరే ఐకాన్ కూడా పెట్టుకోవచ్చు.

రాత్రి_షిఫ్ట్:
అలాగే ఒక్కో ప్రొఫైల్‌కీ ఒక్కో రంగు థీమ్ వేసేయండి. సబ్మిట్ నొక్కేముందు ఎవరి ఖాతాలో ఉన్నారో విండో రంగే చెప్పేస్తుంది.