సమస్యాపూరణం: చందమామ వచ్చి సాక్షి పలికె

తామరాకు (నిర్వహణ): ఈ వారం ఆటవెలది ఛందస్సు. నాలుగో పాదంగా ఇచ్చే సమస్య ఇది, పై మూడు పాదాలు మీరు పూరించాలి:

చందమామ వచ్చి సాక్షి పలికె

ఒక షరతు ఉంది. పూరణ ఇల్లినాయిస్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ లాయర్లూ జడ్జీలూ నాయకుల చుట్టూనే తిరగాలి. 1860లో ఆ ఊరి జనాభా 10,000 కూడా లేదు. లింకన్ ప్లీడరుగా పేరు తెచ్చుకున్నది అక్కడే. అతనితో ఎన్నికల్లో తలపడ్డ స్టీఫెన్ డగ్లస్ అంతకు ముందు ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు జడ్జి. లింకన్ రెండో భాగస్వామి లోగన్ కూడా జడ్జిగా చేసి వచ్చినవాడే. 2007లో ఒబామా అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని ప్రకటించింది ఆ ఊరి పాత శాసనసభ భవనం ముందే. సరుకు బోలెడంత ఉంది. చందమామ మాత్రం కోర్టుకు రావాలి.

చింతచెట్టు: చందమామ నిజంగానే కోర్టుకొచ్చిన కేసు ఉండగా వెతుకులాట ఎందుకు మాస్టారూ! నా పూరణ:

వెన్నెలందు హత్య వీక్షించితి నటంచు
ఒట్టు పెట్టి సాక్షి యొకఁడు నుడువ
పట్టె లింకనంత పంచాంగ మొక్కటి
చందమామ వచ్చి సాక్షి పలికె

కథ తెలియనివారికి రెండు ముక్కలు. 1857 ఆగస్టు 29 రాత్రి మెట్జ్‌కర్ అనే అతనికి దెబ్బలు తగిలి, తర్వాత చనిపోయాడు. డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కుర్రాడి మీద కేసు పడింది. 1858 మే నెలలో బియర్డ్స్‌టౌన్ కోర్టులో విచారణ. అలెన్ అనే సాక్షి, రాత్రి 11 గంటలప్పుడు 150 అడుగుల దూరం నుంచి అంతా చూశానన్నాడు. ఎలా కనిపించిందంటే, నడినెత్తిన చంద్రుడున్నాడన్నాడు. లింకన్ ఆ మాటనే అతని చేత మళ్లీ మళ్లీ చెప్పించి, ఆఖర్న పంచాంగం తెరిచి ఆ చంద్రుడి మాట తప్పని చూపించాడు. కుర్రాడు విడుదలయ్యాడు.

తామరాకు: శుభారంభం. యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరాలన్నీ, సరిపోయాయి. వె-వీ, ఒ-యొ, ప-పం, దేనికీ పేచీ లేదు. ఒక్కటే ముల్లు గుచ్చుకుంటోంది. 'నటంచు' తర్వాత 'ఒట్టు' అని విడిచిపెట్టారు. పాదాల మధ్య విసంధి, అంటే సంధి కలపకుండా వదిలెయ్యడం. 'నటంచు / నొట్టు పెట్టి' అంటే నకారంతో అతుక్కుంటుంది. లోపల 'ఒ' అలాగే ఉంటుంది కాబట్టి యతికీ ఢోకా లేదు.

చింతచెట్టు: దిద్దుకున్నాను. మన దగ్గర పంచాంగం తీసేది పెళ్లికి ముహూర్తం పెట్టడానికి. ఆయన తీసింది ముద్దాయిని బయట పడెయ్యడానికి!

మబ్బుతునక: నాదీ అదే కేసు, కాస్త చమత్కారంగా:

నాటి రాత్రి మింట నక్షత్రములె గాని
చంద్రుఁ డెచట యనుచు జడ్జి యడుగ
లేనితనమె తనదు లేఖగాఁ జూపించి
చందమామ వచ్చి సాక్షి పలికె

గోరింట: మూడో పాదం అదిరింది మబ్బుతునక గారూ. లేనివాడు తన లేనితనాన్నే కాగితంగా చూపడం, నాకు ఎంత ఆలోచించినా తట్టేది కాదు. కానీ మొదటి పాదం తప్పు. ఆ రాత్రి మింట చంద్రుడు ఉన్నాడు.

మబ్బుతునక: అస్తమించాడనే కదా లింకన్ నిరూపించింది?

గోరింట: చాలామంది అలాగే చెప్పుకుంటారు. శుక్లపక్షం రాత్రి అది, అర్ధరాత్రి దాటాక గానీ అస్తమించలేదు. 11 గంటలకు నడినెత్తిన లేడు, పడమటి అంచున బాగా కిందికి దిగి ఉన్నాడు. చెట్ల నీడలో 150 అడుగుల అవతల ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడం కష్టం. సాక్షి చంద్రుణ్ణి చూడకపోలేదు, చూసిన చోటు తప్పు చెప్పాడు.

చింతచెట్టు: శుక్లపక్షంలో, అష్టమి కూడా దాటాక, అంత త్వరగా ఎలా దిగాడు? లింకన్ పాత సంవత్సరం పంచాంగం తెచ్చి జ్యూరీని బురిడీ కొట్టించాడన్న పుకారు కూడా విన్నాను.

గోరింట: ఆ పుకారు ఎన్నో ఏళ్లు నడిచింది. 1990లో ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూశారు. ఆ రోజుల్లో చంద్రుడు బాగా దక్షిణానికి ఒరిగి నడిచాడు, అందుకే తొందరగా గుంకాడు. పంచాంగం అసలుదే.

మబ్బుతునక: ఒప్పుకున్నాను. నా చంద్రుడు దొంగసాక్షి అయిపోయాడు. పద్యం వెనక్కి తీసుకోను గానీ, బహుమతి అడగను.

కొత్తకలం: నేను కొత్త. ఒక పాదం మాత్రమే కుదిరింది, చూడండి. లింకన్ ఇల్లినాయిస్ సెంట్రల్ రైల్వే తరఫున వాదించి గెలిచాడు, వాళ్లు ఫీజు ఇవ్వకపోతే 5,000 డాలర్లకు వాళ్ల మీదే దావా వేసి 1857లో గెలిచాడు కదా. దాని మీద:

రైలు వారి ఫీజు ఐదు వేలు

తామరాకు: గణాలు పక్కా. గల, గల, గల, గల, గల, ఒక్కోటి ఒక గురువు, ఒక లఘువు. యతి మాత్రం తప్పింది.

కొత్తకలం: 'రై'లో ఐ ఉంది, 'ఐదు'లో ఐ ఉంది. కలిసింది కదా సార్?

తామరాకు: అచ్చు కలిస్తే సగం పనే అయినట్టు నాయనా. హల్లు కూడా కలవాలి. 'రై'కి ర కావాలి, దాని మీద అ, ఆ, ఐ, ఔలలో ఏదైనా సరే. 'రైలు వారి ఫీజు రాని వేళ' అను. రై-రా కుదురుతుంది, ఫీజు రాలేదన్న సంగతీ చెప్పినట్టవుతుంది. ఆ తర్వాత చందమామను ఎలా పిలుస్తావో నువ్వే చూసుకో.

కొత్తకలం: అదే టెన్షన్. రైల్వే కేసులోకి చంద్రుడు ఎందుకొస్తాడో నాకూ తెలియడం లేదు!

చింతచెట్టు: కోర్టు వదిలి ఆఫీసుకు వెళ్లి ఇంకొకటి రాశాను. 1861 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌కు బయలుదేరే ముందు లింకన్ తన భాగస్వామి హెర్న్‌డన్‌తో మెట్ల కింద వేలాడే బోర్డును అలాగే ఉంచమన్నాడట, బతికుంటే తిరిగొచ్చి మళ్లీ ప్రాక్టీసు చేద్దామన్నాడట. ఆ బోర్డు తుప్పు పట్టిన కీళ్ల మీద ఊగుతుండేదని హెర్న్‌డనే రాసుకున్నాడు.

బోర్డు తీయకోయి పోయి వచ్చెద నన్న
మిత్రుఁ డిల్లు చేరె మృతుఁడె యగుచు
గుమ్మమందు బోర్డు గుర్తుగా వ్రేలాడ
చందమామ వచ్చి సాక్షి పలికె

మబ్బుతునక: రెండో పాదం దగ్గర కాసేపు ఆగిపోయాను. 1865 మేలో లింకన్‌ను స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే పూడ్చారు.

తామరాకు: పద్యం మనసుకు తాకింది. సమస్య మాత్రం తీరలేదు. చందమామ ఇక్కడ దేనికి సాక్షి? అతని బదులు వీధిదీపం పెట్టినా పద్యం మారదు. సమస్యలోని వింత మాటకు పద్యంలో కారణం దొరకాలి. పై మూడు పాదాలు ఎంత బాగున్నా నాలుగోది అతికించినట్టు ఉంటే మార్కులు తగ్గుతాయి. మీ మొదటి పద్యమే పూరణగా గట్టిది.

గోరింట: ఇక నాది. డఫ్ తల్లి హన్నా వైపు నుంచి. ఇల్లినాయిస్‌లోని న్యూ సేలం అనే పల్లెలో లింకన్ కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆమె భర్త జాక్‌తో కుస్తీ పట్టి, తర్వాత ప్రాణస్నేహితుడయ్యాడు. జాక్ పోయాక ఈ కేసుకు ఆమె దగ్గర పైసా తీసుకోలేదు.

కన్నతల్లి హన్న కన్నీరు తుడువంగ
ఫీజు కోర కతఁడు బిడ్డఁ గాచె
'మింట నడుమ లేను మిన్నంచుననె యుంటి'
చందమామ వచ్చి సాక్షి పలికె

చింతచెట్టు: అక్కయ్యా, చంద్రుడు సరైన చోట నిలబడ్డాడు!

తామరాకు: రాసి చదివితే చక్కగా ఉంది. నోటితో చదివితే ఆ కొటేషన్ గుర్తులు వినిపించవు. మూడో పాదం ఎవరి మాటో తెలియదు, 'అని' అన్న అర్థం ఎక్కడో రావాలి. 'మింట నడుమ లేను మిన్నంచె నెలవంచు' అని చూడండి. నెలవు అంటే చోటు. ఆకాశపు అంచే నా చోటు అంటూ చందమామ వచ్చి సాక్షి పలికింది. అందులో 'నెల' కూడా దాక్కుంది.

గోరింట: నెలవులో నెల! ఇది నాకు ఎందుకు తట్టలేదు మాస్టారూ. మార్చేశాను.

తామరాకు: ఈ వారం గోరింట గారిదే. వచ్చే వారం కూడా ఇదే ఊరు, ఇదే ఆటవెలది. సమస్య:

తలను కోర్టు మోసి దారి నడిచె

కొత్తకలం: టోపీయే కదా సార్? కేసు కాగితాలన్నీ లింకన్ తన పొడుగు టోపీలోనే పెట్టుకునేవాడని చదివాను.

తామరాకు: ఓరి నీ ఇల్లు బంగారం గానూ! కాస్త ఆగవయ్యా, వాళ్లనీ తల గోక్కోనీ.