ఏప్రిల్ 14 నివాళి 66 మందికేనా, బొంబాయి రేవులో పోయిన అందరికీనా?

గోదారిగట్టు:
మా ఊరి ఫైర్ స్టేషన్ వాళ్ళు అగ్నిమాపక వారోత్సవాల కరపత్రం పంచారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది అమరులయ్యారని, అందుకే ఏటా ఈ వారోత్సవాలని అందులో ఉంది. ఆ ప్రమాదంలో పోయింది 66 మందే అనుకున్నాను. తర్వాత చూస్తే అధికారిక లెక్కే 700 దాటుతోంది, బయటి అంచనాలు 1,300 దాకా ఉన్నాయి. మిగతావాళ్ళ గురించి కరపత్రంలో ఒక్క వాక్యమైనా ఉండొద్దా? మీరేమంటారు?

ఎర్రబండి:
ఉండనక్కర్లేదు. ఫైర్ సర్వీసులో 28 ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, నా మాటలో పక్షపాతం ఉంటే ఉండనివ్వండి.

ఆ మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ ఓడ రెండో నంబరు సరుకు గదిలోంచి పొగ వచ్చింది. ఓడలో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. అదే గదిలో కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్ళు. పత్తి నిప్పు ఎలాంటిదో గుంటూరు వాళ్ళను అడగండి, పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. మావాళ్ళు రెండు గంటలు టన్నులకొద్దీ నీళ్ళు కొట్టినా నిప్పు పుట్టిన చోటు దొరకలేదు. 4:06కి మొదటి పేలుడు, 4:34కి రెండోది.

లోపల ఏముందో తెలిసి కూడా గొట్టం వదలనివాళ్ళు వాళ్ళు. పైగా ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి కూడా, ఊరంతా ఆ హడావిడిలో ఉంటుంది. మావాళ్ళకు దొరికేది రెండు నిమిషాల మౌనం. దాన్ని కూడా పంచమంటారా?

హమాలీమనవడు:
పెద్దాయనా, మీ 66 మందికి నేనూ దణ్ణం పెడతాను. కానీ తెలిసి నిలబడ్డారు అంటున్నారు కదా, తెలియక నిలబడ్డవాళ్ళ సంగతేమిటి? పేలుడు సామగ్రి ఉన్న ఓడ ఎర్రజెండా ఎగరేయాలి. యుద్ధకాలమని ఆ జెండా కట్టలేదు. పక్క ఓడల్లో బస్తాలు మోస్తున్నవాళ్ళకు ఎవరు చెప్పారు?

మా తాత పాలమూరు నుంచి వలస పోయి కామాటిపురలో ఉండేవాడు. ఆ పేటకు పేరొచ్చిందే మన కామాటీల వల్ల, అంటే ఇక్కణ్ణుంచి వలస పోయిన కూలీల వల్ల. రేవులో కూలి అంటే పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. టోలీవాలా, అంటే కూలీల ముఠా మేస్త్రీ, వచ్చి, నువ్వు రా, నువ్వు రా అని వేలు చూపిస్తాడు. ఆ రోజు తాతకు వేలు చూపలేదు, పక్కనున్నవాడికి చూపాడు. అతను మళ్ళీ గదికి రాలేదు.

రోజుకూలీకి ఓడ యజమాని దగ్గర హాజరు పట్టీ లేదు. ఈ పద్ధతి మార్చాలని కార్మికుల స్థితిగతుల మీద బ్రిటిష్ వాళ్ళు వేసిన రాయల్ కమిషన్ 1931లోనే చెప్పింది. రేవు కార్మికుల చట్టం 1948లో గానీ రాలేదు. అందుకే పేర్లు లేవు. పేలుడులో కాలిపోలేదండీ పేర్లు, అసలు రాయనే లేదు.

లెక్కలపిచ్చి:
హమాలీమనవడు గారి బాధ అర్థమైంది. కానీ ఇలాంటి చోటే జనం ఐదు వేలు, పది వేలు అనేస్తారు. దయచేసి వద్దు. రేవు సర్వీసుల్లో పనిచేసేవాళ్ళు, ఫైర్ సిబ్బందితో కలిపి, 231 మంది అని లెక్క ఉంది. సాధారణ పౌరులు 500 పైన. ఇళ్ళు పోయినవాళ్ళు 80 వేల మంది. శిథిలాలు ఎత్తడానికి 8,000 మందికి ఏడు నెలలు పట్టింది.

లెక్క తేలకపోవడానికి సెన్సార్ కూడా ఒక కారణం. సిమ్లాలో ఉన్న భూకంప యంత్రం అదే రోజు నమోదు చేసింది, పత్రికలు మాత్రం మే రెండో వారం దాకా రాయలేకపోయాయి. ముందు చెప్పింది జపాన్ చేతిలో ఉన్న సైగాన్ రేడియో. విశాఖ మీద జపాన్ బాంబులు వేసి అప్పటికి రెండేళ్ళే, కాబట్టి జనం ఇదీ జపాన్ పనే అనుకుంటే ఆశ్చర్యం లేదు.

హాలిఫాక్స్‌చలి:
నేను ఉండే ఊళ్ళో, కెనడాలోని హాలిఫాక్స్‌లో, 1917 డిసెంబర్ 6న ఇలాగే ఆయుధాల ఓడ పేలింది. ఇక్కడ స్మారక గ్రంథంలో 1,700 పైచిలుకు పేర్లున్నాయి. ఏటా ఉదయం 9:04కి గంట కొట్టి అందర్నీ తలుచుకుంటారు, ఫైర్‌వాళ్ళకు విడిగా స్మారకం ఉంది. రెండూ ఉండొచ్చు కదా?

ఇన్ని పేర్లు ఎలా తేలాయంటే, 1912లో టైటానిక్ శవాలు ఈ ఊరికే వచ్చాయి. ఒక్కో శవానికి ఒక నంబరు, జేబులో దొరికినవన్నీ అదే నంబరున్న సంచిలో. ఐదేళ్ళకు అదే పద్ధతి పనికొచ్చింది.

ఎర్రబండి:
అక్కడ కుదిరింది, బాగుంది. ఇక్కడ పేర్లే లేవని మీరే అంటున్నారు. లేని పేర్లు రాతి మీద ఎలా చెక్కుతారు? "తదితరులు" అని రాస్తే అంతకంటే అవమానం ఉందా?

హమాలీమనవడు:
ఓడలో ఉన్న బంగారం 124 కడ్డీలని చెప్పగలిగారు సార్. ఒకటి దాదాపు మైలు దూరంలో ఒక పార్సీ ఆయన ఇంటి కప్పు చీల్చుకుని పడితే తిరిగి అప్పగించాడు. 1970ల్లో పూడిక తీస్తుంటే కూడా దొరికాయి. కడ్డీకి నంబరుంది కాబట్టి వెతికారు.

గోదారిగట్టు:
ఎర్రబండి గారూ, "తదితరులు" వద్దంటే ఒప్పుకుంటాను. "పేరు నమోదు కాని రేవు కూలీలు, రేవు పక్క మాండ్వీ పేట నివాసులు" అని రాస్తే?

ఎర్రబండి:
కరపత్రంలో రాయండి, నాకు అభ్యంతరం లేదు. మౌనం పాటించేటప్పుడు మాత్రం 66 అనే చెప్తాను, నా నోటికి అదే వస్తుంది. బాబూ, మీ తాత గదిలో ఉన్నాయన పేరేమిటి? అదైనా రాద్దాం.

హమాలీమనవడు:
నేనూ అడిగానండీ. తాత "వనపర్తోడు" అనేవాడు. అసలు పేరు ఎన్నడూ అనలేదు.