పుంగనూరు ఆవులు, నెల్లూరు గొర్రెలు: నాలుగెకరాల మెట్టలో కుదురుతాయా?

ప్రశ్న: మెట్టరైతు
పలమనేరు దగ్గర మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. ఒక్కటే బోరు, ఎండాకాలంలో గంట పోసి ఆగిపోతుంది. నాన్న ఇన్నాళ్లూ రెండు జెర్సీ సంకర ఆవులను మేపారు. పాలు బాగానే ఇచ్చాయి గానీ దాణాకూ మందులకూ పోగా మిగిలింది తక్కువ. నిరుడు వేసవిలో ఒకటి ఎండదెబ్బకు పోయింది. ఇప్పుడు నేను బెంగళూరు ఉద్యోగం వదిలి వచ్చేశాను. పాలకు రెండు పుంగనూరు ఆవులు, మాంసానికి అమ్మడానికి ఇరవై నెల్లూరు గొర్రెలు పెట్టాలని ఉంది. సంతలో ఒకాయన మోకాలెత్తు దూడను చూపించి అసలైన పుంగనూరు అని లక్షన్నర చెప్పాడు. కొనవచ్చా? ఆ పాలు కేంద్రంలో పోస్తే గిట్టుతుందా?

జవాబు: గౌరి వాళ్ల అమ్మ
తమ్ముడూ, పుట్టిన కొత్తలో ఏ దూడైనా చిన్నగానే ఉంటుంది. తల్లిని చూడకుండా కొనవద్దు. ఎదిగిన ఆవు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తే ఉంటుంది. వెడల్పు నుదురు, నెలవంకలాంటి పొట్టి కొమ్ములు, నేలను తాకేంత తోక. మా పుంగనూరు ఆవు గౌరి కొమ్ము పట్టుకుంటే ఊడబోయే పన్నులా కదులుతుంది. మొదట్లో దెబ్బ తగిలిందేమో అనుకుని పసుపు కూడా రాశాను. మా అత్తగారు చూసి నవ్వారు, ఈ జాతిలో అది మామూలేనట.

పాలు పూటకు లీటరున్నర. దూడను వదిలితేగాని చేపదు. వెన్న శాతం 8 దాకా ఉంటుంది. ఒకరోజు కేంద్రంలో పోస్తే యంత్రంలో అంకె చూసి అక్కడి కుర్రాడు “గేదె పాలు కలిపారా?” అని నలుగురిలో అడిగేశాడు. అప్పటి నుంచి తోడు వేసి నెయ్యి చేసుకుంటున్నాను. వెన్న ఎంత ఉన్నా మూడు లీటర్లతో ఇల్లు గడవదు. మేత ఖర్చు మాత్రం నిజంగానే తక్కువ, వేరుశనగ కట్టె, రాగి గడ్డితో సరిపెట్టుకుంటుంది.

అసలు కష్టం ఆంబోతుది. మా మొదటి పెయ్య ఎదకు వచ్చినప్పుడు కట్టు సూది (ఆంబోతు వీర్యం) వేయడానికి వచ్చినతను తన దగ్గర ఉన్నది, జెర్సీది, వేసి వెళ్లాడు. నాకూ అడగాలని తోచలేదు. పొట్టి తల్లికి దూడ పెద్దదైపోయింది. ఈనేటప్పుడు ముందుకాళ్లు కనిపించాయి, తల రాలేదు. రాత్రంతా లాంతరు పట్టుకుని కూర్చున్నాం. డాక్టరు వచ్చి లాగేసరికి దూడ లేదు, తల్లి మూడు రోజులు లేవలేదు. ఆవును కొనే ముందే ఆంబోతు సంగతి తేల్చుకో. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని పెంచుతున్నారు, వెళ్లి అడుగు. ఇంట్లో పుట్టిన కోడెను దాని అక్కచెల్లెళ్ల మీదికే వదలవద్దు.

జవాబు: మందకాపరి
గొర్రెల సంగతి నేను చెబుతాను. నెల్లూరు గొర్రెకు కాళ్లు పొడవు, ఒంటిమీద ఉన్ని ఉండదు, ఎండలో ఎంత దూరమైనా నడుస్తుంది. ఇరవైకి ఒక్క పొట్టేలు చాలు. భయమంతా తొలకరికే. లేత గడ్డి మీదికి ఖాళీ కడుపుతో తోలితే చిటుకు రోగం వస్తుంది, సాయంత్రం గంతులు వేసిన పిల్ల పొద్దున్నకు కాళ్లు చాపేసి ఉంటుంది. వానలకు ముందే టీకా వేయించండి. మేమైతే ఇంత ఎండు మేత పెట్టాకే బయటికి తోలుతాం. పొట్టేళ్లను బక్రీదుకో గంగజాతరకో అట్టిపెట్టుకుంటే ధర మన చేతిలో ఉంటుంది.

జవాబు: తిరుపతి పశువైద్య విద్యార్థి
మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి నెలోర్ పేరుతో అక్కడ మాంసపు పశువైంది. మనకు 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం. కోడెదూడలు పుడితే ఎలా మేపుతారో ఇప్పుడే లెక్క వేసుకోండి.

మెట్టరైతు
అక్కా, తల్లిని చూపించమని ఆయనకు ఫోను చేశాను. వేరే ఊళ్లో ఉందన్నాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ముందు గొర్రెలే తెస్తాను. గౌరికి పెయ్య పుడితే నాకే చెప్పండి.

గౌరి వాళ్ల అమ్మ
పోయిన నెలలోనే ఈనింది, కోడె. వచ్చి చూసి వెళ్లు, నెయ్యి ఇస్తాను.